మన తాతలు ఎండను ఓర్చుకోలేదు: పోయిన ఎపిసోడ్‌లో నేను చెప్పింది తప్పు

ఎప్పుడూ హైదరాబాద్ రూమ్‌లో, వెనకాల పుస్తకాల ర్యాక్ పెట్టుకొని మాట్లాడే నేను ఇవాళ మా ఊళ్లో, కేతేపల్లిలో, వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చొని రికార్డ్ చేస్తున్నా. మధ్యమధ్యలో లారీల సౌండ్ వస్తే ఏమనుకోకండి, హైదరాబాద్–విజయవాడ హైవే ఇక్కడికి దగ్గరే. టైమ్ సాయంత్రం ఐదున్నర. ఫోన్ ఇంకా 41 డిగ్రీలు చూపిస్తోంది.

పోయిన నెల ఒక వీడియో చేశా, గుర్తుందా? ఏసీ లేని రోజుల్లో మనవాళ్లు ఎండాకాలం ఎలా గడిపారు అని. కుండ నీళ్లు, అంబలి, మట్టి గోడలు అన్నీ చెప్పి, చివర్లో ఒక డైలాగ్ కూడా కొట్టా: "వాళ్ల ఒళ్లే వేరు, మనమే సున్నితం అయిపోయాం" అని. బాగా షేర్ అయింది. తిరిగి తిరిగి మా ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా వచ్చింది. అక్కడే నా తిప్పలు మొదలైనయ్.

మా నాయనమ్మకి డెబ్బై ఎనిమిది. స్లాబు వేసిన ముందు గదిలో పడుకుంటుంది. మే మొదటి వారంలో ఆ గదిలోని కూలర్ మోటరు కాలిపోయింది. మా అమ్మ బాగు చేయించమని అడిగితే, మా నాయిన ఫోన్ తీసి నా వీడియో చూపించిండు. "నీ కొడుకే చెప్తున్నడు కదా, పాత మనుషులకు ఇవన్నీ అక్కర్లేదని." నాయనమ్మ కూడా "నాకెందుకు బిడ్డా కూలరు" అంది. ఆమె ఎప్పుడూ అట్లనే అంటుంది, అది లెక్కలోకి రాదు. నాలుగో రోజు రాత్రి ఆమె మా అమ్మను పట్టుకొని, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. జ్వరం అనుకొని ముందు పారాసిటమాల్ ఇచ్చారు. తగ్గలేదు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే డాక్టర్ చూడగానే అన్నది ఒక్కటే: "ఇది వడదెబ్బ. ఇంకో రెండు గంటలు ఆగితే కష్టమయ్యేది."

బతికింది. మూడో రోజు ఇంటికి వచ్చింది. వచ్చాక నా వీడియో మొత్తం చూసి, నాకు ఫోన్ చేసి ఏమందో తెలుసా? "ఎండకు ఓర్సుకున్నమని నీకెవడు చెప్పిండురా? మేము ఎండకు దొరకకుంట తిరిగినం. దొరికినోడు సచ్చిండు."

ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ఒక్క మాట గురించే.

ముందు కొంచెం లెక్క. బీటెక్ చదివినందుకు ఇదొక్కటైనా పనికి రావాలి కదా. మన ఒళ్లు ఊరికే కూర్చున్నా దాదాపు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. పాతకాలం గుండు బల్బు ఒకటి వెలిగినంత. ఆ వేడి ఎటో ఒకటు బయటికి పోవాలి, లేకపోతే లోపలి టెంపరేచర్ 37 దగ్గర నిలవదు. చర్మం దాదాపు 35 డిగ్రీలు ఉంటుంది. బయటి గాలి అంతకంటే చల్లగా ఉన్నప్పుడు వేడి దానంతట అదే పోతుంది. గాలి 43 ఉందనుకోండి, వ్యవహారం తిరగబడుతుంది. గాలే మనకు వేడి ఎక్కిస్తుంది. అప్పుడు ఒంటికి మిగిలిన దారి ఒక్కటే, చెమట. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతుంది. 100 వాట్లంటే గంటకు 360 కిలోజౌళ్లు. అంటే నీడలో కదలకుండా కూర్చున్న మనిషికి తన ఒంట్లో పుట్టే వేడి వరకు గంటకు 150 మిల్లీలీటర్ల చెమట సరిపోతుంది. అదే మనిషి పార పట్టుకుంటే? పుట్టే వేడి 400 వాట్లు దాటుతుంది. గంటకు 600 మిల్లీలీటర్లు. నెత్తి మీద ఎండ, ముఖానికి కొట్టే వడగాలి దీనికి అదనం. ఆరు గంటల కూలి పని అంటే నాలుగైదు లీటర్ల నీళ్లు, దాంతో పాటు ఉప్పు ఒంట్లోంచి పోతున్నట్టు.

ఇంకో మాట. ఫోన్‌లో కనిపించే 44 అనేది నీడలో, గాలి ఆడే చోట కొలిచేది. తారు రోడ్డు మీద బండి నడిపేవాడికి తగిలేది ఆ నంబర్ కాదు.

ఇప్పుడు "వాళ్ల ఒళ్లే వేరు" అన్న నా డైలాగ్ సంగతి. అందులో కొంచెం నిజం ఉంది, అందుకే అది అంత డేంజర్. రోజూ ఎండలో తిరిగే ఒళ్లు ఒకటి రెండు వారాల్లో అలవాటు పడుతుంది. చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. ఇది ఎవరి ఒంటికైనా జరుగుతుంది, మీకూ నాకూ కూడా. మానేసిన కొన్ని వారాల్లో ఆ అలవాటు పోతుంది కూడా. నెలల తరబడి ఏసీలో కూర్చొని, మే నెలలో ఊరికొచ్చిన మొదటి రోజే మిట్టమధ్యాహ్నం క్రికెట్‌కి దిగే నాలాంటోళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఇక వయసు మీద పడ్డాక చెమట తగ్గుతుంది, దాహం తెలియడం కూడా తగ్గుతుంది. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీళ్లను ఇంకా తీసేస్తాయి. "పాత మనిషి కదా, తట్టుకుంటుంది" అనుకున్నామా, అది పూర్తిగా ఉల్టా.

సరే, మరి ఎండకు దొరకకుండా ఎట్లా తిరిగారు? నాయనమ్మను కూర్చోబెట్టి అడిగా.

మొదటిది టైమ్. రోహిణి కార్తె అంటే మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా, రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, ఆ రోజుల్లో ఆమె లెక్కలో పగలు అంటే రెండు ముక్కలు. కోడి కూయకముందే లేచి, బాయి కాడ మోట కొట్టేది. మోట అంటే ఎడ్లతో తోలు బొక్కెన లాగించి నీళ్లు తోడటం. పొద్దు నెత్తి మీదికి రాకముందే పని బందు. తర్వాత పొద్దు వాలేదాకా చెట్టు కింద, లేకపోతే ఇంట్లో. "నడి పగలు కుక్క గూడ బయటికి రాదు, మనిషెందుకొస్తడు?" అంది. సాయంత్రం వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, అక్కడే మంచాలు. ఆలోచిస్తే అది పక్కా షెడ్యూలింగ్. హెవీ ప్రాసెస్‌లన్నీ సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడే నడిపేవాళ్లు.

రెండోది ఇల్లు. మా పాత ఇంటి వెనక గది ఒకటి ఇంకా ఉంది. మూరెడు మందం మట్టి గోడ, పైన గూన పెంకులు. మధ్యాహ్నం అందులోకి వెళ్తే తేడా తెలుస్తుంది. మందపాటి మట్టి గోడ వేడిని మెల్లగా తాగుతుంది; బయటి వేడి లోపలికి దిగేసరికి రాత్రి అయిపోతుంది, అప్పటికి మనుషులు వాకిట్లో ఉంటారు. పెంకుల సందుల్లోంచి పైకి చేరిన వేడి గాలి బయటికి పోతుంది. వాన కురిస్తే అవే సందుల్లోంచి నీళ్లు, అప్పుడప్పుడు తేళ్లు కూడా. ఆ ఇల్లు వదిలి స్లాబు వేసుకున్నందుకు మా నాయినను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

మూడోది నీళ్లు. కుండ సంగతి పోయినసారి చెప్పా గానీ, సగమే చెప్పా. మట్టికి కనపడని సందులుంటాయి. వాటిలోంచి నీళ్లు పైకి ఊరి ఆవిరవుతాయి, ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతాయి. అంటే కుండకి చెమట పడుతుంది. గాలి పొడిగా ఉంటేనే ఇది బాగా పని చేస్తుంది. మా నల్లగొండ వైపు మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ, రంజన్ నీళ్లు పళ్లు జివ్వుమనేట్టు ఉంటాయి. ఇదే కుండను మచిలీపట్నం తీసుకెళ్లి పెట్టండి, సముద్రపు తేమకు అంత చల్లబడదు. కూలర్ కూడా అచ్చం ఇదే సూత్రం. అందుకే కూలర్ పెట్టి తలుపులు, కిటికీలు మూసేస్తే గది తేమతో నిండిపోయి ఉక్కపోత మొదలవుతుంది. కూలర్‌కి ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి. మా ఇంట్లో ఇన్నేళ్లూ మూసే పెట్టారు.

తిండి మీద ఎక్కువ చెప్పను, దాని మీద రీల్స్ బోలెడున్నయ్. జొన్న గటక, తైదంబలి, ఉప్పేసిన సల్ల, పక్కన ఉల్లిగడ్డ. ఉప్పు, నీళ్లు, కొంచెం పిండి పదార్థం: ఒంట్లోంచి పోయినవి మళ్లీ లోపలికి. ఓఆర్ఎస్ వెనకున్న లెక్క కూడా దాదాపు ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల క్యాంపులో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు తాగించి వేల మందిని కాపాడిండు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ స్పూన్, తల కొట్టి సమంగా. ఉప్పు అంతకంటే ఎక్కువ వేయొద్దు. ఇక కల్లు. మా జిల్లాలో కల్లు గురించి చెడ్డగా మాట్లాడితే రోడ్డు మీద తిరగనియ్యరు. కానీ పులిసిన కల్లులో ఆల్కహాల్ ఉంటుంది, అది ఒంట్లో నీళ్లను బయటికి పంపుతుంది. ముంజలు తినండి.

ఇక్కడిదాకా వింటే పోయిన వీడియోకి పార్ట్ టూ లాగే ఉంది కదా. నేనూ అట్లనే అనుకొని, "మరి అందరూ ఇట్లనే చేసేవాళ్లా?" అని మాటవరసకు అడిగా.

నాయనమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది. మా తాతకు ఒక తమ్ముడు ఉండేవాడట. నాకు ఆయన సంగతే తెలియదు. ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉండేవాడు. జీతం అంటే మన శాలరీ కాదు. ఇంట్లో తీసుకున్న అప్పుకి ఏడాది పొడుగునా మనిషి అక్కడ పని చేయడం. ఇట్లాంటి వెట్టిని రద్దు చేస్తూ దేశంలో చట్టం వచ్చింది 1976లో. ఇది అంతకు ముందు సంగతి. నడి పగలు చెట్టు కింద పడుకోవడం అనేది సొంత పని చేసుకునేవాడి వైభోగం. జీతగానికి టైమ్ వాడిది కాదు. ఒక రోహిణి కార్తెలో, మధ్యాహ్నం కంప కొట్టి మోసుకొస్తూ, చింతచెట్టు దగ్గర కూలబడ్డడట. ఇంటికి మోసుకొచ్చేసరికి ఎవరినీ గుర్తుపట్టలేదు, ఏదేదో మాట్లాడిండు. ఊళ్లో వాళ్లు నడిపగలు గాలి సోకిందన్నరు. వేపమండలతో మంత్రం వేయించారు. పొద్దుగూకే లోపల పోయిండు. ఇరవై ఏళ్లు కూడా లేవు.

"ఇన్నేండ్లు నేను గూడ గాలి సోకిందనే అనుకున్న. మొన్న దవాఖాన్ల డాక్టరమ్మ చెప్పింది, ఎండదెబ్బకు మాటలు తప్పుతయని. అప్పుడు సమజైంది, మా మరిది గూడ గట్లనే మాట్లాడిండు."

నేను కెమెరా ఆపేశా అప్పుడు. ఇది నా మాటల్లోనే చెప్తున్నా.

ఇట్లాంటి చావులు అప్పుడు ఎన్ని జరిగినయో లెక్క లేదు. రాసిపెట్టేవాడు ఉంటే కదా. అందుకే "మా తాతల కాలంలో వడదెబ్బలు ఎక్కడివి" అని అంత ధీమాగా చెప్పగలుగుతున్నం. కుండ నీళ్లు కూడా అందరికీ ఒకటే రకంగా అందలేదు. కొన్ని కులాల వాళ్లను బాయి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. దాహం అంటే పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. ఇది నాయనమ్మ కళ్లారా చూసిందే, వేరే ఎక్కడినుంచో తెచ్చి చెప్తున్నది కాదు. ఇంకోటి, మా జిల్లాలో పడమటి వైపు మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో నీళ్లే విషం. ఫ్లోరైడ్. ఎండ ఎక్కువైతే నీళ్లు ఎక్కువ తాగుతారు, ఎంత తాగితే అంత ఫ్లోరైడ్ ఎముకల్లోకి. ఎండాకాలంలో నీళ్లు బాగా తాగండి అనే సలహాకు కూడా అక్కడ ఒక రేటు ఉండేది. ఆ నీళ్లను పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేస్తే, దానికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు 'నల్లగొండ టెక్నిక్'. మన జిల్లా పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఇట్లా ఎక్కింది.

ఇప్పటికి వద్దాం. 2015 మే చివర్లో వచ్చిన వడగాలులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. నేను అప్పుడు స్టూడెంట్‌ని, ఫ్యాన్ కింద పడుకొని సినిమాలు చూస్తున్నా. పోయినవాళ్లు ఎవరు? ముసలివాళ్లు, కూలీలు, ఇళ్లు కట్టే పనివాళ్లు. అంటే టైమ్ తమ చేతిలో లేనివాళ్లు. మా చిన్న తాత లాంటోళ్లే. ఇప్పుడు జీతగాడు లేడు. కానీ మధ్యాహ్నం రెండింటికి బిర్యానీ పట్టుకొని, యాప్‌లో తిరిగే గడియారాన్ని చూసుకుంటూ బండి తోలే తమ్ముడు ఉన్నడు. ఆర్డర్ పెట్టేది మనమే. నేనూ పెట్టిన.

గవర్నమెంట్ వైపు కొంత కదలిక ఉంది. 2010లో అహ్మదాబాద్‌లో ఎండలకు వెయ్యి మందికి పైగా పోయాక, 2013లో ఆ ఊరు ముందస్తు ప్లాన్ తయారు చేసుకుంది. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోతే కుటుంబానికి 4 లక్షల రూపాయలు. మంచిదే. కానీ ఆ చావు వడదెబ్బతోనే అని నిర్ధారణ కావాలి. ఇంట్లో మంచం మీద పోయిన ముసలామెను ఎవరు నిర్ధారిస్తరు? అట్లా చూస్తే లెక్క ఇంకా పూర్తిగా మొదలు కాలేదు.

ఇక అప్పటికీ ఇప్పటికీ అసలు తేడా నాకు కనిపించింది ఒకటుంది. రాత్రి. పగలంతా వేడెక్కిన ఒళ్లు రాత్రి చల్లబడాలి, గుండెకు అదే రెస్ట్. స్లాబు పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక దాన్ని గదిలోకి కక్కుతుంది. మొన్న రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కి సీలింగ్ మీద చెయ్యి పెట్టి చూశా, అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. ఫ్యాన్ ఆ వేడినే కిందికి తోస్తుంది. గాలి 40 దాటితే ఫ్యాన్ వల్ల ఒళ్లు ఇంకా వేడెక్కే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. నాయనమ్మకు వడదెబ్బ తగిలింది ఎండలో కాదండీ, ఇంట్లో, రాత్రి, ఫ్యాన్ కింద.

రేకుల షెడ్డు దీనికి ఉల్టా. పలచగా ఉంటుంది కాబట్టి పగలు కొలిమి, కానీ రాత్రి తొందరగా చల్లారుతుంది. కాబట్టి ఏసీ లేని వాళ్లకు నేను చెప్పేది ఇది: రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఉండకండి, స్లాబు ఇంట్లో రాత్రి లోపల పడుకోకండి. ముసలివాళ్లను, పసిపిల్లలను అయితే అసలే వద్దు. బయట పడుకోవడం కుదరదంటే, స్లాబు మీద తెల్ల సున్నం వేయండి. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ 2023లో దీని మీద ఒక పాలసీనే తెచ్చింది, కూల్ రూఫ్ పాలసీ అని. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు ఇట్లా మార్చాలని టార్గెట్. ప్రభుత్వ భవనాలకు, కమర్షియల్ బిల్డింగులకు తప్పనిసరి. మనలాంటి చిన్న ఇళ్లకు మన ఇష్టం. మన ఇష్టం అంటే ఎవరూ వేయరని అర్థం. మేము నిన్న వేశాం, నేనూ మా నాయినా. సున్నంలో అంటుకోవడానికి కొంచెం ఫెవికాల్ కలిపి, చీపురుతో రెండు కోట్లు. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. మధ్యలో ఒకసారి ఆయనే అన్నడు, "నీ వీడియో కాదురా, నాకే బద్ధకమైంది" అని.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా, ఇది మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎండాకాలంలో ఎవరైనా తికమకగా మాట్లాడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది మామూలు జ్వరం అనుకోవద్దు. లోపలి టెంపరేచర్ 40 దాటితే మెదడు మీద పడుతుంది. చెమట ఆగిపోవాలని రూల్ లేదు. ఎండలో పని చేసేవాళ్లకు చెమట పడుతుండగానే వడదెబ్బ వస్తుంది. పారాసిటమాల్ దీనికి పని చేయదు, మేము అక్కడే టైమ్ పోగొట్టుకున్నాం. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి విసరండి. ఐస్ ఉంటే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. హాస్పిటల్‌కి తీసుకెళ్లడం కంటే ముందు చల్లబరచడం మొదలవ్వాలి. దారి పొడుగునా తడుపుతూనే ఉండాలి.

పాత వీడియో డిలీట్ చేయమని కొందరు అన్నరు. చేయను. కుండ గురించి, గోడల గురించి చెప్పింది కరెక్టే కాబట్టి ఉంచుతా. టైటిల్ మార్చి, ఆ చివరి డైలాగ్ కట్ చేసి, ఈ ఎపిసోడ్ లింక్ పైన పెట్టా. కూలర్ మోటరు కూడా మార్పించినం. దానికైన ఖర్చు నా ట్రైపాడ్ కంటే తక్కువ.

టైమ్ ఆరు ముప్పావు అయింది. పైన డాబా మీద నీళ్లు చల్లాలని నాయనమ్మ కేకేస్తోంది. రెండు బకెట్లు మోయాలి, ఆమె మంచం కూడా పైకెక్కించాలి. మెట్లు ఎక్కలేదు కదా అంటే, నన్ను కూడా మోసుకుపో అంటోంది. ఉంటా మరి.